చిన్న ఇంట్లో చంటిబిడ్డ: ఏమి కొనాలి, ఏమి మానాలి?

కిందటి సంవత్సరం వానాకాలంలో ఒక ఉదయం, ప్రసూతి వార్డు నుంచి డిశ్చార్జి కావలసిన ఒక బాలింత తండ్రి మా డ్యూటీ టేబుల్ దగ్గరికి వచ్చారు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. మూడో నెలలో కూతురిని, మనవడిని అత్తవారింటికి పంపేటప్పుడు పెట్టవలసిన సామాను జాబితా అట. బజారులో దుకాణం వారే రాసి ఇచ్చారు. స్టాండు ఉయ్యాల, వాకర్, తోపుడు బండి, పాల సీసాలు ఆరు, వాటిని శుభ్రం చేసే కరెంటు స్టెరిలైజర్, పరుపు దిండ్ల సెట్టు, పౌడరు డబ్బాలు, సబ్బులు. కింద మొత్తం పద్దెనిమిది వేల చిల్లర.

"చిట్టీ పాడాను సిస్టరమ్మా. డబ్బుకు లోటు లేదు. ఇవి సరిపోతాయా, ఇంకేమైనా రాయాలా?" అని అడిగారు.

"అల్లుడుగారి ఇల్లు ఎంత ఉంటుందండీ?" అని అడిగాము.

"అద్దె ఇల్లమ్మా. ఒక గది, ఒక వంటిల్లు. మేడ మీద."

ఆయనను కూర్చోబెట్టి, కాగితంలోని వస్తువులను ఒక్కొక్కటే చూశాము. సబ్బు తప్ప అన్నీ కొట్టివేశాము. దాని కింద మేము ఆరు వస్తువులు రాశాము. వాటి ఖరీదు రెండు వేలు దాటలేదు. ఆయన ముఖంలో సంతోషం కన్నా దిగులే ఎక్కువ కనబడింది. "ఉత్త చేతులతో పంపితే వియ్యాలవారు ఏమనుకుంటారు?" అన్నారు. ఈ ప్రశ్న చాలామంది తల్లిదండ్రులను అప్పుల్లోకి దించుతోంది. అందుకే ఆ రోజు ఆయనకు చెప్పిన మాటలే ఈ సంచికలో అందరికీ చెప్పాలని అనుకున్నాము.

కొనేముందు నాలుగు ప్రశ్నలు

ఒకటి, ఇది బిడ్డకు మేలు చేస్తుందా, లేక చూసేవారికి ముచ్చటగా ఉంటుందా? రెండు, ఎన్ని నెలలు పనికి వస్తుంది? మూడు, ఇదే పని ఇంట్లో ఉన్న వస్తువుతో జరగదా? నాలుగు, రాత్రి అందరూ పడుకున్నాక దీన్ని ఎక్కడ పెడతాము?

నాలుగో ప్రశ్నను ఎవరూ వేసుకోరు. చిన్న ఇంట్లో అన్నిటికన్నా విలువైనది ఖాళీ నేల. బిడ్డ నాలుగైదు నెలలకు బోర్లాపడుతుంది, ఏడెనిమిది నెలలకు పాకుతుంది, తరువాత గోడ పట్టుకొని నిలబడుతుంది. ఇవన్నీ నేల మీదే నేర్చుకోవాలి. ఒక చాప పరిచేంత చోటు బిడ్డకు మిగలాలి. ఆ చోటులో స్టాండు ఉయ్యాల, తోపుడు బండి పెట్టేస్తే బిడ్డను రోజంతా చంకలోనో ఉయ్యాలలోనో ఉంచవలసి వస్తుంది.

పడుకోవడానికి

మంచి పడక అంటే మెత్తని పడక కాదు. పసిబిడ్డను గట్టిగా, సమంగా ఉన్న పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. తల దగ్గర దిండ్లు, బొమ్మలు, చుట్టూ మెత్తలు ఉండకూడదు. ముఖం వాటిలో కూరుకుపోతే తనంతట తాను తిప్పుకునే బలం పసిబిడ్డకు ఉండదు. బొంత రెండు మడతలు వేసి, పైన రబ్బరు షీటు, దాని పైన నూలు దుప్పటి బిగుతుగా పరిస్తే చాలు. ఆ పడక తల్లి చేతికి అందేంత దగ్గరలో, విడిగా ఉండాలి. తాగినవారు, పొగ త్రాగేవారు బిడ్డ పక్కన పడుకోకూడదు.

తల గుండ్రంగా వస్తుందని కొందరు ఆవాల దిండు తెస్తారు. అమ్మమ్మలు, నాయనమ్మలు నొచ్చుకోవద్దని మనవి, అది కూడా దిండే. తల ఒక పక్క అణగకుండా ఉండాలంటే ఒక రోజు ఈ వైపు, మరో రోజు ఆ వైపు తల ఉండేలా పడుకోబెట్టండి. మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ల ముందే కాసేపు బోర్లా వేయండి. బిడ్డ పెరిగేకొద్దీ తల ఆకారం చాలావరకు దానంతట అదే సర్దుకుంటుంది.

చీర ఉయ్యాల మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నది. ఏడ్చే బిడ్డను ఊరుకోబెట్టడానికి కొద్దిసేపు వాడుకోవచ్చు. కాని రాత్రంతా అందులో వదలవద్దు. చీర వంపులో బిడ్డ గడ్డం ఛాతీకి ఆనుకుంటే ఊపిరి అందదు. నిద్రపోయిన వెంటనే తీసి పడక మీద వేయండి. ఉయ్యాల నేలకు మూరెడు ఎత్తు మించకుండా కట్టండి, కింద బొంత వేయండి. పెద్ద పిల్లలను ఆ చీరతో మెలి తిప్పి ఆడుకోనివ్వకండి, మెడకు చుట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. బిడ్డ లేనప్పుడు చీరను పైకి ముడివేసి ఉంచండి.

దోమతెర మాత్రం తప్పక కొనండి. గొడుగులా మడిచే చిన్న తెర అయినా సరే, కుటుంబమంతా పడుకునే పెద్ద తెర అయినా సరే. డెంగ్యూ దోమ పగలే కుడుతుంది కనుక పగటి నిద్రకు కూడా తెర వేయాలి. ఒకే గది ఉన్న ఇంట్లో తలుపులు మూసి దోమల చుట్ట వెలిగిస్తే ఆ పొగంతా బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పాలకు

మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అవసరం లేదు. కాబట్టి ఆరు సీసాలు, స్టెరిలైజర్ ఎందుకు? మన దేశంలో 1992లో వచ్చి 2003లో మరింత కట్టుదిట్టమైన చట్టం ప్రకారం డబ్బా పాలకు, పాల సీసాలకు ప్రకటనలు ఇవ్వడం నేరం. సీసా మూలల్లో, పీక సందుల్లో పాలు నిలిచి క్రిములు పెరుగుతాయి. విరేచనాలతో మా పిల్లల వార్డుకు వచ్చే బిడ్డల సంచుల్లో పాల సీసా ఉందా అని మేము మొదట చూసేది అందుకే.

తల్లి పనికి వెళ్లవలసి వస్తే, శుభ్రమైన చేతులతో పాలు పిండి మూత ఉన్న స్టీలు గిన్నెలో ఉంచవచ్చు. మన ఎండల్లో బయట నాలుగు గంటలు దాటనివ్వకండి, ఎండాకాలంలో ఇంకా ముందే పట్టేయండి. పట్టడానికి మన ఉగ్గుగిన్నెను మించినది లేదు. దానికి మూలలు లేవు, తోమడం తేలిక. నీటిలో ముంచి పది నిమిషాలు మరిగిస్తే అదే స్టెరిలైజర్. పాలు రావడం లేదనిపిస్తే సీసా కొనకముందు మా దగ్గరికి రండి. బిడ్డను పట్టుకునే తీరు సరిచేస్తే చాలామందికి ఇబ్బంది తీరిపోతుంది.

గుడ్డలు, వెచ్చదనం

ఉతికిన పాత నూలు చీర ఒకటి చింపితే పన్నెండు దాకా గుడ్డలు వస్తాయి. వానాకాలంలో ఆరవు కనుక రెండు చీరలు ఉంచుకోండి. డైపర్ ఒక్కోటి పది రూపాయలనుకున్నా, రోజుకు ఆరు చొప్పున నెలకు పద్దెనిమిది వందలు. ప్రయాణాలకు, అవసరమైతే రాత్రికి ఒకటి వాడుకోండి. అవి వాడినా తరచుగా చూసి మార్చాలి, లేకపోతే ఒరిపిడి వచ్చి చర్మం చిట్లుతుంది. పౌడరు వద్దు. డబ్బా విదిలించినప్పుడు లేచే దుమ్ము బిడ్డ పీలుస్తుంది.

బిడ్డ పుట్టినప్పుడు 2.5 కిలోల కంటే తక్కువ ఉంటే హీటర్లు, బల్బులు కొనకండి. తల్లి రొమ్ముల మధ్య బిడ్డ చర్మం ఆనేలా పెట్టి గుడ్డతో కట్టుకోవడాన్ని కంగారూ మదర్ కేర్ అంటారు. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన పద్ధతి ఇది. నెలలు నిండని, బరువు తక్కువ ఉన్న బిడ్డలకు రోజుకు 8 నుంచి 24 గంటల వరకు ఇలా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. తండ్రి, అమ్మమ్మ కూడా చేయవచ్చు.

నడకకు

వాకర్ గురించి మా తప్పు మేమే చెప్పుకోవాలి. ఇరవై ఏళ్ల కిందట మా సిస్టర్లమంతా తలా కొంత వేసుకొని ఒక సిస్టరు బిడ్డకు వాకర్ కొన్నాము. తొమ్మిదో నెలలో ఆ పాప క్వార్టర్స్ వసారా మెట్ల మీద నుంచి వాకర్‌తో సహా దొర్లింది. నుదుటి మీద మూడు కుట్లు పడ్డాయి. మేము కొనిచ్చిన బహుమతికి మేమే డ్రెస్సింగ్ చేశాము. ఆ తరువాత ఎవరికీ వాకర్ కొనలేదు.

వాకర్ నడక నేర్పదు. బిడ్డ తన కాళ్ల మీద బరువు నిలుపుకోవడం నేర్చుకోకుండానే చక్రాల మీద పరుగెత్తుతుంది. మనం లేచి పట్టుకునేలోగా పొయ్యి దగ్గరికో, గంజి గిన్నె దగ్గరికో, మెట్ల దగ్గరికో చేరుతుంది. కెనడా దేశం 2004లో వాకర్ల అమ్మకాన్నే నిషేధించింది. బిడ్డ తనంతట తాను నిలబడిన తరువాత మూడు చక్రాల చెక్క బండి ఇవ్వవచ్చు, అది కూడా పెద్దలు పక్కన ఉండగానే.

ఆ డబ్బుతో రెండు పనులు చేయండి. వంటింటి గడపకు, మెట్ల మొదట అడ్డంగా చెక్క పలక బిగించండి. నీళ్ల బకెట్లకు, డ్రమ్ముకు గట్టి మూతలు కొనండి. పాకే బిడ్డ బకెట్టులోకి తలకిందులుగా పడితే జానెడు నీళ్లు కూడా ప్రాణం తీస్తాయి.

ప్రయాణానికి

మేడ మీద ఇంటికి, ఇరుకు సందులకు తోపుడు బండి పనికిరాదు. సొంత కారు ఉన్నవారు మాత్రం వెనుక సీటులో బిగించే పసిబిడ్డల సీటు కొనాలి. ఒడిలో పెట్టుకున్న బిడ్డను గట్టి బ్రేకు పడినప్పుడు ఎవరూ ఆపలేరు. మోటారు సైకిలు ఉన్నవారు గమనించండి. 2023 ఫిబ్రవరి 15 నుంచి అమలులో ఉన్న కేంద్ర నిబంధన ప్రకారం 9 నెలల నుంచి 4 ఏళ్ల లోపు పిల్లలను నడిపేవారికి కలిపి కట్టే బెల్టు, బిడ్డ తలకు హెల్మెట్ ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. అంతకన్నా చిన్న బిడ్డను బస్సులోనో ఆటోలోనో తీసుకువెళ్లండి.

మేము రాసిన ఆరు

దోమతెర, రబ్బరు షీట్లు రెండు, ఉగ్గుగిన్నె, నూలు టోపీలు మేజోళ్లు, బకెట్ల మూతలు, డిజిటల్ థర్మామీటరు. ఇవే ఆ కాగితం మీద మేము రాసినవి. మిగతా డబ్బు ఒక డబ్బాలో వేసి "బాబు ఆసుపత్రి ఖర్చు" అని రాసి పెట్టుకోమన్నాము.

థర్మామీటరు చంకలో పెట్టి చూడాలి. 97.7 నుంచి 99.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటే మంచిది. తక్కువ ఉంటే తల్లి ఛాతీకి హత్తుకొని వెచ్చబరచండి, అరగంటలో పెరగకపోతే ఆసుపత్రికి రండి. రెండు నెలల లోపు బిడ్డకు 99.5 కన్నా ఎక్కువ ఉంటే తెల్లవారేదాకా ఆగవద్దు. అంకెలు సరిగా ఉన్నా బిడ్డ పాలు మానినా, మత్తుగా ఉన్నా, ఎగపోస్తున్నా వెంటనే రావాలి.

ఆ బాబు ఇరవయ్యో రోజు రాత్రి పాలు తాగలేదు. ఒళ్లు కొంచెం వెచ్చగా అనిపించిందే గాని ఏడుపు లేదు, నిద్రలో ఉన్నాడనుకున్నారు. అమ్మమ్మ థర్మామీటరు పెడితే 101 చూపించింది. డబ్బాలో డబ్బు ఉంది, ఎవరి తలుపూ తట్టవలసిన పని లేకపోయింది. రాత్రి పదకొండింటికి ఆటోలో వచ్చారు. రక్తంలో ఇన్ఫెక్షను అని డాక్టరుగారు చూసి అప్పుడే మందులు మొదలుపెట్టారు. పది రోజులు ఉన్నారు. తెల్లవారేదాకా ఆగి ఉంటే ఏమయ్యేదో మాకు తెలుసు, ఆ తాతగారికీ తెలుసు. తొమ్మిదో నెల ఎం.ఆర్. టీకాకు వచ్చినప్పుడు బాబు మా బల్ల అంచు పట్టుకొని నిలబడ్డాడు. వియ్యాలవారు ఏమన్నారని అడిగాము. "ఇప్పుడు ఆ డబ్బాలో వాళ్లు కూడా వేస్తున్నారమ్మా" అన్నారు.

సంఘంలోని వారికి ఒక మాట

బిడ్డ వస్తువులు ఆరు నెలలకే చిన్నవైపోతాయి. కనుక సంఘంలో ఒకరి నుంచి ఒకరికి ఇచ్చుకోవడం మంచి అలవాటు, అందులో నామోషీ లేదు. బట్టలు వేడి నీటిలో ఉతికి ఎండలో ఆరేసి ఇవ్వండి. చెక్క ఉయ్యాల ఇచ్చేముందు మేకులు, పెచ్చులు లేచిన రంగు చూడండి. పుల్లల మధ్య సందు 6 సెంటీమీటర్లు మించితే ఇవ్వకండి. పాల సీసాలు, పీకలు, వాకర్లు మాత్రం ఎవరికీ ఇవ్వవద్దు. బిడ్డను చూడటానికి వెళ్లేవారు గిఫ్టు పెట్టెకు బదులు ఒక దోమతెర తీసుకువెళ్లండి, లేదా ఆ డబ్బాలో వంద రూపాయలు వేయండి.

గర్భిణీ స్త్రీలు ఏడో నెల చెకప్‌కు వచ్చేటప్పుడే, దుకాణానికి పోకముందే, మీ జాబితా తెచ్చి మా సిస్టర్లకు చూపించండి. ఇంటి కొలతలు కూడా చెప్పండి. కలిసి కూర్చొని రాసుకుందాం.