ఇరవై కట్టలకో చింతపిక్క

ఎండలు ముదిరాయంటే ఖమ్మం, భద్రాచలం సరిహద్దు అడవుల్లో తునికాకు పని మొదలవుతుంది. తెల్లవారకముందే ఇల్లు విడిచిన ఆడామగా పొద్దెక్కేసరికి ఆకు మూటలతో తిరిగి వస్తారు. ఇంటిల్లిపాదీ నీడపట్టున కూర్చుని ఆకు సరిచేసి, యాభై ఆకులకో కట్ట చొప్పున నారతో బిగిస్తారు. సాయంత్రానికి కట్టలన్నీ కల్లానికి చేరతాయి. అసలు కథ అక్కడే మొదలవుతుంది. అది లెక్కల కథ.

ఆ మధ్య ఒక కల్లంలో ఈ విలేఖరికి ఒక ముసలమ్మ కనిపించింది. బడి గడప తొక్కిన మనిషి కాదు. ఇరవై కట్టలు పరిచిన ప్రతిసారీ ఒక చింతపిక్క కొంగున వేసుకుంటోంది. చివరికి పుస్తకంలో నూట ఇరవై కట్టలని పడింది. ఆమె నిదానంగా కొంగు విప్పి పిక్కలు నేలమీద పెట్టింది. ఏడున్నాయి. ఏడు ఇరవైలు నూట నలభై. మళ్లీ లెక్కపెట్టి చూస్తే ఆమె మాటే నిజమైంది. ఎవరూ గొడవ పడలేదు, అంకె దిద్దారు, అంతే. ఇరవై కట్టల కూలిని ఆ రోజు కాపాడింది ఏడు చింతపిక్కలు.

గణితం అనగానే పరీక్షలూ, బెత్తం దెబ్బలూ గుర్తొచ్చి భయపడేవాళ్లు మనలో చాలామంది. కాని ఆ ముసలమ్మ చేసింది గణితమే. ఇరవైని ఒకటిగా పట్టుకోవడం, ఆ ఒకట్లను కూడటం. ఎక్కాల పుస్తకంలో ఉన్నదీ అదే.

కల్లంలో కట్టలను వరుసలు తీర్చి ఎండబెడతారు. వరుసకు 40 చొప్పున 30 వరుసలుంటే ఒక్కొక్కటీ తడిమి చూడనక్కరలేదు, 1,200 కట్టలు. అడ్డంగా లెక్కించినా, నిలువుగా లెక్కించినా అదే సంఖ్య వస్తుంది. చివరి వరుసలో 17 కట్టలే ఉంటే, తగ్గిన 23 తీసివేస్తే సరి, 1,177. ఎటునుంచి చూసినా మారని ఈ నిజంలో ఒక అందం ఉంది. దానివల్ల ఒక ప్రయోజనం కూడా ఉంది. ఒకరు ఒక వైపునుంచి లెక్కిస్తే, మరొకరు రెండో వైపునుంచి సరిచూడవచ్చు.

తునికాకు వ్యాపారాన్ని ప్రభుత్వం 1971 నాటి చట్టంతో తన అదుపులోకి తీసుకుంది. కట్టకింత అని ధర నిర్ణయమవుతుంది. అయితే ధర తెలిసినంత మాత్రాన కూలి పూర్తిగా చేతికొస్తుందని చెప్పలేం. కొసరు సంగతి చూడండి. కట్టకు యాభైకి బదులు యాభై ఐదు ఆకులు పెట్టించారనుకుందాం. నూరు కట్టలకు 500 ఆకులు ఎక్కువ పోయాయి. అంటే పది కట్టలు. పైగా నూటికి ఐదు కట్టలు కొసరుగా తీసేశారనుకుందాం. నూట పది కట్టల ఆకు కోసిన మనిషికి తొంభై ఐదు కట్టల కూలే దక్కింది. కట్టకు మూడు రూపాయలని వేసుకుంటే 45 రూపాయలు పోయినట్లు. ఐదాకులే కదా, ఐదు కట్టలే కదా అనిపిస్తుంది. రెండు చిల్లులూ కలిపి చూసినప్పుడే నష్టం తెలుస్తుంది. వెయ్యి కట్టలయితే ఒక స్టాండర్డ్ బ్యాగు, అంటే 50,000 ఆకులు. సీజనంతా ఇలాగే సాగితే ఎంత పోతుందో ఎవరికి వారు లెక్కవేసుకోవచ్చు.

ఈ లెక్కలు మన పెద్దలకు కొత్త కాదు. తొమ్మిదవ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన ఏనాడో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పుస్తకాల దాకా ఎందుకు, మన పాత కొలపాత్రలే చూడండి. కొలతలు ప్రాంతానికో తీరుగా ఉన్నా, ఎక్కువగా వాడిన వరుస ఇది: రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ప్రతి పాత్రా ముందుదానికి రెట్టింపు. గిద్ద నుంచి అడ్డ దాకా ఆరు పాత్రలుంటే, ఏ పాత్రనూ రెండుసార్లు ముంచకుండా ఒకటి నుంచి అరవై మూడు గిద్దల వరకు ఎంతైనా కొలవవచ్చు. ఉదాహరణకు నలభై ఐదు గిద్దలు కావాలంటే అడ్డ, తవ్వ, సోల, గిద్ద ఒక్కొక్కటి చాలు. నేటి కంప్యూటరు అంకెలను దాచుకునేదీ ఈ రెట్టింపు పద్ధతిలోనే. వడ్లు కొలిచిన అవ్వకు కంప్యూటరు తెలియదు కాని, దాని కిటుకు ఆమె చేతిలోనే ఉండేది.

కూలికే కాదు, ప్రాణానికీ లెక్క అవసరమే. భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు పెరిగింది. ఉదయం ఆరింటికి 40 అడుగులు, తొమ్మిదింటికి 41.5 అని తెలిసిందనుకుందాం. గంటకు అరడుగు చొప్పున పెరుగుతున్నట్లు. అదే జోరు సాగితే మధ్యాహ్నం పన్నెండుకు మొదటి హెచ్చరిక, రాత్రి పదింటికి రెండవది. అంటే గొడ్లనూ, గింజలనూ మెరకకు చేర్చే పని పొద్దుగూకక ముందే ముగించాలి. నది జోరు మారుతుంటుంది కనుక కొత్త కబురు వచ్చినప్పుడల్లా లెక్క తిరిగి వేసుకోవాలి. అధికారులు కదలమన్నప్పుడు మాత్రం లెక్కలతో కాలయాపన చేయరాదు.

ఇంటింటా బడికి పోయే పిల్లలున్నారు. రాత్రి అన్నాలయ్యాక వాళ్లను దగ్గర కూర్చోబెట్టుకుని ఆనాటి కట్టల లెక్క వాళ్లచేత చేయించండి. కార్డులో రాసిన అంకెతో సరిచూడమనండి. పిల్లలకు ఎక్కం వంటబడుతుంది, పెద్దలకు కూలి దక్కుతుంది. పిల్లలు లేని ఇంట్లోనూ నాలుగు చింతపిక్కలకు కొదవ ఉండదు కదా!