శాంతి సౌధంలో వేసవి తరగతులు

నెదర్లాండ్స్ దేశంలోని హేగ్ నగరంలో ఎర్ర ఇటుకతో నిర్మితమైన ఒక విశాల భవనం ఉన్నది. దాని పేరు శాంతి సౌధం. అమెరికా ఉక్కు పరిశ్రమాధిపతి ఆండ్రూ కార్నెగీ ఇచ్చిన పదిహేను లక్షల డాలర్ల విరాళంతో నిర్మించిన ఈ భవనం 1913 ఆగస్టు 28న ప్రారంభమైంది. ఐక్యరాజ్యసమితికి ప్రధాన న్యాయాంగమైన అంతర్జాతీయ న్యాయస్థానం ఇక్కడనే కొలువుతీరుతుంది. దేశాల మధ్య తగవులను మధ్యవర్తుల ద్వారా పరిష్కరించే శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానం కూడా ఇందులోనిదే. అయితే జూలై, ఆగస్టు మాసాలలో ఈ ప్రాంగణంలో న్యాయమూర్తులు, రాయబారులతో పాటు నానా దేశాల విద్యార్థులు కూడా కనిపిస్తారు. హేగ్ అంతర్జాతీయ న్యాయ అకాడమీ నిర్వహించే వేసవి తరగతులకు వారు వస్తారు.

యుద్ధాల వెనుక పుట్టిన విద్య

అంతర్జాతీయ వ్యవహారాలను విశ్వవిద్యాలయాలలో ప్రత్యేక శాస్త్రంగా బోధించడం మొదటి ప్రపంచ యుద్ధానంతరం ఆరంభమైంది. 1919లో వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్‌లో ఈ విషయానికి తొలి ఆచార్య పీఠం ఏర్పడగా, ఆల్ఫ్రెడ్ జిమ్మర్న్ ఆ పీఠాన్ని అలంకరించారు. తరువాత ఆయనే నానాజాతి సమితికి కేంద్రమైన జెనీవాలో వేసవి పాఠశాల నడిపారు. హేగ్ అకాడమీ 1914లోనే స్థాపితమైనా, అదే సంవత్సరం యుద్ధం వచ్చిపడినందున తరగతులు మొదలు కావడానికి 1923 వరకు వేచి ఉండవలసివచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో మరల మూతపడిన తరగతులు 1947లో పునఃప్రారంభమైనాయి.

అదే 1947లో మరి రెండు ప్రయత్నాలు జరిగాయి. యుద్ధకాలంలో జర్మన్ ఆక్రమణాధికారులు మూసివేసిన ఆస్లో విశ్వవిద్యాలయం అంతర్జాతీయ వేసవి పాఠశాలను ప్రారంభించింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ముగ్గురు యువకులు ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ నగరంలో, ఒక పాత కోటలో, నిన్నటి శత్రుదేశాల యువతీ యువకులను ఒకే పంక్తిలో కూర్చోబెట్టి చదువు చెప్పించారు. యుద్ధం ముగిసిన ప్రతిసారీ విద్యావంతులు ఇట్టి వేసవి తరగతుల వైపు మొగ్గడం యాదృచ్ఛికం కాదు. ఇతరుల వాదాన్ని వారి నోటనే వినని తరం మరల యుద్ధానికే దిగుతుందన్న భయం దీని వెనుక ఉన్నది.

తరగతులు నడిచే తీరు

హేగ్ తరగతులు ఆరు వారాలు సాగుతాయి. అందులో మూడు వారాలు దేశాల పరస్పర సంబంధాలను నియంత్రించే న్యాయానికి, మూడు వారాలు వివిధ దేశాల వ్యక్తుల మధ్య వివాహం, వారసత్వం, వ్యాపారం వంటి విషయాలలో తలెత్తే వివాదాలకు సంబంధించిన న్యాయానికి కేటాయిస్తారు. బోధన ఇంగ్లీషు, ఫ్రెంచి భాషలలో జరుగుతుంది. ఉపన్యాసం సాగుతుండగనే రెండవ భాషలోనికి అనువాదం వినిపిస్తారు. ఆచార్యులతో పాటు న్యాయమూర్తులు, అనుభవజ్ఞులైన దౌత్యవేత్తలు పాఠాలు చెబుతారు. ఆ ఉపన్యాసాలు తరువాత గ్రంథరూపంలో వెలువడుతాయి. ఆ సంపుటాలు ఇప్పటికి నాలుగు వందలు దాటినాయి. కోరినవారు అకాడమీ డిప్లొమా పరీక్షకు కూర్చోవచ్చు. కాని అందులో కృతార్థులయ్యేవారు బహు స్వల్పం. 2019 నుండి జనవరి మాసంలో శీతకాలపు తరగతులు కూడా జరుగుతున్నాయి.

ఉత్తర సముద్రం నుండి బంగాళాఖాతం వరకు

ఇంత దూరం వెళ్లి ఎవరో ఇతరుల తగవులను చదివినందున ప్రయోజనమేమి అన్న ప్రశ్న సహజం. దీనికి బంగాళాఖాతమే సమాధానం చెబుతుంది.

1960లలో పశ్చిమ జర్మనీకి, దాని పొరుగు దేశాలైన డెన్మార్క్, నెదర్లాండ్స్‌లకు మధ్య ఉత్తర సముద్ర గర్భంలోని భూభాగం విషయమై వివాదం ఏర్పడింది. ఇరు తీరాలకు సమాన దూరంలో గీత గీయడమే న్యాయమని పొరుగువారు వాదించారు. జర్మనీ తీరం లోపలికి వంగి ఉన్నందున, అట్లు గీస్తే రెండు వైపుల గీతలు దగ్గరగా వచ్చి జర్మనీ వాటా చిన్న ముక్కగా మిగిలిపోతుంది. సమాన దూరమనేది అన్ని చోట్లా విధిగా పాటించవలసిన సూత్రం కాదని, సమన్యాయమే ప్రధానమని 1969లో అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు చెప్పింది.

బంగ్లాదేశ్ తీరం కూడా అదే విధంగా, భారతదేశానికి, మయన్మార్‌కు నడుమ లోపలికి వంగి ఉన్నది. మయన్మార్‌తో గల వివాదాన్ని హాంబర్గ్‌లోని అంతర్జాతీయ సముద్ర న్యాయ ట్రిబ్యునల్ 2012లో పరిష్కరించింది. తెలుగువారైన పాటిబండ్ల చంద్రశేఖరరావు అప్పుడు ఆ ట్రిబ్యునల్‌లో న్యాయమూర్తిగా ఉన్నారు. 1999 నుండి 2002 వరకు ఆయన దానికి అధ్యక్షులు కూడా. భారతదేశంతో గల వివాదం 2009లో మధ్యవర్తుల ఎదుటకు రాగా, హేగ్‌లోని శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాని నిర్వహణ బాధ్యత వహించింది. 2014 జూలై 7న తీర్పు వెలువడింది. మధ్యవర్తులు మొదట సమాన దూరపు గీతను గీసి, తీరపు వంపు వలన బంగ్లాదేశ్‌కు కలిగే నష్టాన్ని గుర్తించి ఆ గీతను సవరించారు. ఐదుగురు మధ్యవర్తులలో ఒకరైన పెమ్మరాజు శ్రీనివాసరావు కొన్ని అంశాలలో తమ భిన్నాభిప్రాయాన్ని నమోదు చేశారు.

బంగ్లాదేశ్ ప్రభుత్వం ప్రకటించిన లెక్క ప్రకారం వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 చదరపు కిలోమీటర్లు ఆ దేశానికి దక్కాయి. అయినను భారతదేశం ఆ తీర్పును అంగీకరించింది. వైశాల్యంలో పెద్దదైన దేశం తనకు పూర్తిగా అనుకూలం కాని తీర్పును శిరసావహించడం దక్షిణాసియాలో విశేష ఘట్టం. నీటి మీద కనిపించని ఆ గీత మత్స్యకారుని వలకు, చమురు అన్వేషకుని యంత్రానికి హద్దు. ఆ గీతను సమర్థించడానికైనా, ప్రశ్నించడానికైనా ఉత్తర సముద్రపు తీర్పు తెలిసిన న్యాయవాదులు, అధికారులు ప్రతి దేశానికీ అవసరం.

ఎవరి న్యాయం?

ఇక్కడ మరొక ప్రశ్న కూడా ఉన్నది. అంతర్జాతీయ న్యాయ సూత్రాలలో అనేకం ఆసియా, ఆఫ్రికా దేశాలు పరాధీనంలో ఉన్న కాలంలో రూపొందినాయి. వాటి రచనలో పాలుపంచుకొనని దేశాలు వాటిని యథాతథంగా ఎందుకు అంగీకరించాలని స్వాతంత్ర్యానంతర తరం ప్రశ్నించింది. భారతీయ న్యాయశాస్త్రజ్ఞుడు ఆర్.పి. ఆనంద్ 1972లో ప్రచురించిన గ్రంథంలో నూతన రాజ్యాలకు, అంతర్జాతీయ న్యాయానికి గల సంబంధాన్నే చర్చించారు. ఇట్టి ప్రశ్న వేయాలన్నా ముందు ఆ న్యాయాన్ని క్షుణ్ణంగా అభ్యసించవలసిందే. 1985 నుండి 1988 వరకు అంతర్జాతీయ న్యాయస్థానానికి నగేంద్రసింగ్ అధ్యక్షత వహించడం ఆ అభ్యాస ఫలమే.

స్వదేశంలో సన్నాహం

హేగ్ ప్రయాణం అందరికీ సాధ్యం కాదు. ప్రయాణం, వసతి ఖర్చులు భారమైనవి. అకాడమీ కొన్ని ఉపకార వేతనాలు ఇస్తున్నా, కోరేవారు అధికం. అందుచేత ఇట్టి అధ్యయనం ధనికుల బిడ్డలకే పరిమితమన్న అభిప్రాయం కలగవచ్చు. కాని మన దేశంలో కూడా మార్గాలు లేకపోలేదు. 1955లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ అంతర్జాతీయ అధ్యయన సంస్థ 1970లో జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో విలీనమై, నేటికీ పరిశోధకులను తీర్చిదిద్దుతున్నది. 1959లో స్థాపితమైన భారతీయ అంతర్జాతీయ న్యాయ సమాజం విద్యార్థులకు ఈ శాస్త్రంలో శిక్షణ ఇస్తూ వచ్చింది. ఐక్యరాజ్యసమితి 2008 నుండి ప్రముఖ ఆచార్యుల ఉపన్యాసాలను దృశ్య శ్రవణ గ్రంథాలయం ద్వారా ఉచితంగా అందిస్తున్నది. అంతర్జాలం ఉన్న కళాశాలలో ఏ విద్యార్థి అయినా వాటిని వినవచ్చు.

కావలసిన సన్నాహం కష్టసాధ్యమేమీ కాదు. ఒక తీర్పును ఆసాంతం చదవడం, దేశపటాన్ని పక్కన పెట్టుకొని అందులోని గీతలను గుర్తించడం, పొరుగు దేశం వాదాన్ని దాని మాటలలోనే వ్రాసి చూడడం, ఆ తరువాతనే స్వదేశం వాదాన్ని వ్రాయడం. బంగాళాఖాతపు తీర్పును ఈ విధంగా చదివిన విద్యార్థి తీరాంధ్రలోని చిన్న పట్టణంలో ఉన్నా, శాంతి సౌధంలోని వేసవి తరగతిలో మొదటి పాఠం పూర్తి చేసినట్లే.