హృదయ శస్త్రచికిత్సయందు రక్తము

కోలారు బంగారు గనులలో నూరు సంవత్సరములకు పైగా నీటిని తోడు యంత్రములు రేయింబవళ్లు పనిచేసినవి. 2001 వ సంవత్సరమున గనులు మూతపడి, ఆ యంత్రములు ఆగిన పిదప సొరంగములు నీటితో నిండినవి. మన దేహమునందును ఆగరాని యంత్రమొకటి కలదు. అదియే హృదయము. దానిని లోపల బాగుచేయవలెనన్న కొంతసేపు ఆపవలయును. ఆపినచో ప్రాణము నిలువదు. ఇట్టి చిక్కు ఎట్లు తీరినది?

1953 మే 6 వ తేదీన అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున జాన్ గిబ్బన్ అను వైద్యుడు హృదయము యొక్కయు, ఊపిరితిత్తుల యొక్కయు పనిని ఒక యంత్రమునకు అప్పగించి, ఒక యువతికి శస్త్రచికిత్స చేసి కృతార్థుడయ్యెను. మనకు చేరువనున్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలయందు 1960 దశకపు తొలి సంవత్సరములలోనే ఇట్టి చికిత్స జరిగినది. నేడు మన జిల్లావారు పలువురు ఇందుకై బెంగళూరులోని జయదేవ హృద్రోగ సంస్థ వంటి ఆసుపత్రులకు పోవుచున్నారు.

ఈ చికిత్సకు రక్తమేల కావలయును? యంత్రపు గొట్టములను ముందుగా ద్రవముతో నింపుదురు. ఆ ద్రవము కలియుటచే రోగి రక్తము పలుచనగును. గొట్టములలో రక్తము గడ్డకట్టకుండుటకు హెపారిన్ అను మందు నిత్తురు. రక్తస్రావమును ఆపు ప్లేట్‌లెట్లు యంత్రమున కొంత దెబ్బతినును. పది కిలోల శిశువు దేహమున సుమారు 800 మిల్లీలీటర్ల రక్తమే యుండును గనుక, పసివారి విషయమున యంత్రమును నింపునపుడే రక్తము చేర్చవలసి వచ్చును.

అయినను ఎక్కువ రక్తము ఎక్కించిన ఎక్కువ మేలని తలంచుట పొరపాటు. పరుల రక్తము వలన జ్వరము, ఊపిరితిత్తుల వాపు మొదలగు చిక్కులు కలుగవచ్చును. పెక్కు దేశములలో సుమారు 5,000 మంది హృద్రోగులను పరిశీలించి 2017 లో ప్రకటించిన ఫలితమును చూడుడు. 100 మిల్లీలీటర్ల రక్తమున హిమోగ్లోబిన్ 7.5 గ్రాములకు తగ్గినపుడు మాత్రమే రక్తము పొందినవారు, అంతకంటె ముందుగానే పొందినవారికి ఏ విధముగను తీసిపోలేదు. కావున వైద్యులు చికిత్సకు ముందే రక్తహీనతను సరిచేయుదురు. కారిన రక్తమును సేకరించి, కడిగి, రోగికే తిరిగి యెక్కింతురు. అవసరమైన భాగమును మాత్రమే, అనగా ఎఱ్ఱకణములనో, ప్లాస్మానో, ప్లేట్‌లెట్లనో యిత్తురు.

తల్లిదండ్రులు గమనింపవలసినది మరియొకటి కలదు. తమ బిడ్డకు తమ రక్తమే శ్రేష్ఠమని పలువురు భావింతురు. కాని దగ్గరి రక్తసంబంధుల రక్తమును కిరణములచే శుద్ధిచేయక ఎక్కించినచో, అరుదుగానైనను, ప్రాణాపాయము సంభవింపవచ్చును. గ్రూపు కుదిరి, పరీక్షలన్నింటను నెగ్గిన అపరిచితుని రక్తమే సాధారణముగ క్షేమకరము.

అట్టి రక్తము ఎచ్చటనుండి వచ్చును? ధనమిచ్చి రక్తము కొనుట సుప్రీంకోర్టు తీర్పు ననుసరించి 1998 నుండి మన దేశమున నిషిద్ధము. రక్తమును తయారుచేయు కర్మాగారము మనుష్య దేహము తప్ప వేరొకటి లేదు. ఎఱ్ఱకణములు చల్లని పెట్టెలో ఆరు వారములకు మించి నిలువవు. ప్లేట్‌లెట్లు అయిదు దినములే. బంగారమువలె కూడబెట్టి దాచుకొనదగినది కాదు గనుక, ఇచ్చువారు ఎల్లప్పుడు ఉండవలయును.

పదునెనిమిదేండ్లు నిండి, 45 కిలోల బరువును, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్‌ను గల ఆరోగ్యవంతులు రక్తమీయవచ్చును. పురుషులు మూడు మాసముల కొకసారి, స్త్రీలు నాలుగు మాసముల కొకసారి యీయవచ్చును. ఒకసారి తీయునది 350 లేక 450 మిల్లీలీటర్లు మాత్రమే. ద్రవభాగము ఒకటి రెండు దినములలోను, ఎఱ్ఱకణములు కొన్ని వారములలోను తిరిగి సమకూరును. దీనివలన శాశ్వతమైన బలహీనత కలుగునన్న భయము నిరాధారము.

విద్యార్థులారా! మీకింకను ఆ వయస్సు రాలేదు. అయినను ఈ విషయములను ఇంటివద్ద మన తెలుగులో పెద్దలకు విడమరచి చెప్పగలవారు మీరే. ఆపద వచ్చిన దినమున దాతలకై పరుగులిడుటకంటె, ఆపద లేని దినమున రక్తనిధికి నడచిపోవుట మేలని వారికి తెలుపుడు.