జాతి కుక్కపిల్ల కావాలా?

పోయిన ఏడు మా అన్న నంద్యాలలో ఒకాయన జాతిదంటే నమ్మి కుక్కపిల్లను తెచ్చినాడు. పాలు మరవని పసిది. నెత్తుటి విరేచనాలై నాలుగో రోజే చచ్చిపోయింది. అది పార్వో జబ్బని ఆళ్లగడ్డ పశువుల డాక్టరుగారు చెప్పినారు.

2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పెంచి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. అందుకే ముందు తల్లికుక్కను చూపించమని అడగాల. చూపకపోతే కొనొద్దు. టీకాల కార్డు తీసుకోవాల. మూడు నెలలకు రేబిస్ టీకా వేయించాల.

మా గూడెం కుక్కలకు జాతి పేరు లేదు. ఎలుగొడ్డు వస్తే ముందు మొరిగేది అవే. ఈసారి అన్న పెద్దమ్మ ఇంటి పిల్లకు 8 వారాలు నిండేదాకా ఆగి తెచ్చినాడు. అది బతికింది.

— 9వ తరగతి బాలిక