బిడ్డలతో పరదేశము వెళ్ళేటప్పుడు ఏ బడిలో చేర్చాలి?

బోధన్, ఎడపల్లి, రెంజల్, వర్ని ప్రాంతాలలో గల్ఫ్‌కు ఎవరినీ పంపని సంఘము అరుదు. 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీని నమ్ముకొని శక్కర్‌నగర్ చుట్టూ ఎన్నో కుటుంబాలు చెరకు పండించి బ్రతికాయి. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అంతకు ఎన్నో ఏండ్ల ముందు నుండే మన యువకులు దుబాయి, మస్కట్ బాట పట్టారు.

వారిలో చాలా మంది ఒంటరిగానే వెళ్తారు. భార్యాబిడ్డలను తీసుకుపోవడానికి జీతము చాలదు. ఉదాహరణకు, దుబాయి ఉన్న ఎమిరేట్స్ దేశంలో 2019లో వచ్చిన నిబంధన ప్రకారం నెలకు 4,000 దిర్హాములు, లేదా వసతితో పాటు 3,000 దిర్హాముల జీతం ఉంటేనే కుటుంబానికి వీసా దొరుకుతుంది. నర్సులుగానో, సూపర్‌వైజర్లుగానో, కంప్యూటర్ పనుల మీదనో వెళ్ళి, బిడ్డలను వెంట తీసుకుపోగలిగిన తలిదండ్రులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటున్నది. అక్కడి స్థానిక బడిలో వేయాలా, ఇంటర్నేషనల్ స్కూలులో వేయాలా?

దేశాన్ని బట్టి బడి

“స్థానిక బడి” అనే మాటకు అన్ని దేశాలలో ఒకే అర్థం లేదు. అమెరికాలో మనము నివసించే చిరునామాను బట్టి ప్రభుత్వ పాఠశాలలో చేర్చుకుంటారు, ఫీజు ఉండదు. ఇంగ్లండులోనూ ఉద్యోగ వీసా మీద వెళ్ళినవారి పిల్లలు ప్రభుత్వ బడికి వెళ్ళవచ్చు. అక్కడ చాలా ఏండ్లు ఉండబోయే కుటుంబానికి ఆ బడే మేలు. బిడ్డ ఆ ఊరి పిల్లలతో కలిసిపోతాడు, సంపాదన మిగులుతుంది.

గల్ఫ్‌లో సంగతి వేరు. ప్రభుత్వ బడులు అరబ్బీలో బోధిస్తాయి గనుక మనకు మిగిలేవి రెండే: భారతీయ పాఠశాల, ఇంటర్నేషనల్ పాఠశాల. మన దేశస్థులు అక్కడ బడులు పెట్టుకొని చాలా కాలమైంది. బహరేన్‌లోని ఇండియన్ స్కూలు 1950లోను, దుబాయిలోని ఇండియన్ హైస్కూలు 1961లోను, మస్కట్‌లోని ఇండియన్ స్కూలు 1975లోను ఆరంభమైనాయి. ఇటువంటి బడులలో సీబీఎస్ఈ పుస్తకాలే చదువుతారు. బ్రిటిష్, అమెరికన్ పద్ధతిలో నడిచే ఇంటర్నేషనల్ స్కూళ్ళ ఫీజు సాధారణంగా వీటికంటే చాలా ఎక్కువ.

తిరిగి ఎప్పుడు వస్తాము?

బడి పేరు కంటే ముందు చూడవలసినది ఇదే. గల్ఫ్‌లో ఉద్యోగము ముగిస్తే మామూలుగా వీసా కూడా ముగుస్తుంది. ఏదో ఒక రోజున బిడ్డ నిజామాబాద్‌కో, హైదరాబాద్‌కో తిరిగి రావలసినవాడే. కాబట్టి అటువంటి బిడ్డకు సీబీఎస్ఈ బడి సరిపోతుందని మా అభిప్రాయము. విదేశీ బోర్డులో చదివిన బిడ్డ ఇక్కడ పైచదువుకు వచ్చినప్పుడు సమాన అర్హత పత్రము తేవలసి రావచ్చు. అంతకంటే మరో దేశంలో కాలేజీకి పంపే స్తోమత, ఉద్దేశము ఉన్నవారికి ఇంటర్నేషనల్ బడి ఉపయోగము.

తొమ్మిదో తరగతి దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలి. సీబీఎస్ఈలో పరీక్షల నమోదు తొమ్మిదిలోను, పదకొండులోను జరుగుతుంది. పదిలో, పన్నెండులో నడుమ చేరడం కష్టము. బిడ్డను డాక్టరు చేయాలనుకునేవారికి ఇంకొక సంగతి. మెడికల్ సీట్లలో స్థానికులుగా గుర్తింపు పొందాలంటే అర్హత పరీక్షతో ముగిసే నాలుగేండ్లు వరుసగా తెలంగాణలోనే చదివి ఉండాలని 2024లో నిబంధన వచ్చింది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. కొందరు ప్రభుత్వోద్యోగుల పిల్లలకు మాత్రము మినహాయింపు ఉన్నది. అంటే తొమ్మిది నుండి పన్నెండు దాకా మస్కట్‌లో చదివిన బిడ్డ, పుట్టింది బోధన్‌లోనే అయినా, ఇక్కడ స్థానికుడు కాకపోవచ్చు. ఈ సంగతి తెలిసిన తలిదండ్రులు ఎనిమిదో తరగతి కాగానే తల్లిని, బిడ్డను ఇంటికి పంపాలా అని ఆలోచిస్తున్నారు. ఇది కుటుంబాన్ని విడదీసే నిర్ణయము. ఒక సీటు ఆశ కోసము తండ్రికి నాలుగేండ్లు దూరము కావడం తగునా అన్నది భార్యాభర్తలిద్దరూ కూర్చొని, బిడ్డను కూడా అడిగి తేల్చుకోవాలి.

తెలుగు మరువకుండా

తెలంగాణలో 2018 చట్టము ప్రకారం ఒకటి నుండి పది తరగతుల వరకు తెలుగు తప్పనిసరి. అక్కడ అయిదేండ్లు అక్షరము ముట్టని బిడ్డ తిరిగి వచ్చి ఆరో తరగతిలో కూర్చుంటే కన్నీళ్ళే. ప్రతి సాయంత్రము కుటుంబ ప్రార్థనలో బిడ్డచేత తెలుగు బైబిలు నాలుగు వచనాలు చదివించండి. నానమ్మకు, అమ్మమ్మకు నెలకొక ఉత్తరము రాయించండి. ఖర్చు లేని పాఠము ఇది.

బయలుదేరే ముందు

జనన పత్రంలో, బడి రికార్డులో, పాస్‌పోర్టులో బిడ్డ పేరు, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయో లేదో చూచుకోండి. బదిలీ పత్రము మీద విద్యాశాఖ అధికారి సంతకము, విదేశాంగ శాఖ ముద్ర అడిగే దేశాలున్నాయి గనుక టిక్కెట్టు కొనకముందే ఆ పని ముగించండి. టీకాల కార్డు వెంట ఉంచుకోండి. మన బడులు జూనులో తెరుస్తారు. గల్ఫ్‌లోని భారతీయ బడులు చాలావరకు ఏప్రిల్‌లో, ఇంటర్నేషనల్ బడులు ఆగస్టు, సెప్టెంబరులలో తెరుస్తారు. తేదీ చూడక బయలుదేరితే నెలల చదువు పోతుంది.

మొదట తండ్రి వెళ్ళి, ఇల్లు, బడి, ఫీజు, బస్సు కళ్ళారా చూచి, తరువాత కుటుంబాన్ని పిలిపించుకోవడం మంచిది. ఆ ఊరిలో ముందుగా స్థిరపడిన తెలుగు సంఘస్థులను అడగండి. తమ బిడ్డలను ఏ బడిలో వేశారో, ఎందుకు వేశారో వారు చెప్పే మాట బడివారి ప్రకటన కంటే నమ్మదగినది.