జియోక్యాష్ డబ్బా: మూత బిగిస్తే సరిపోదు

అపోహ: డబ్బా ఏదైనా ఒకటే, లోపల జిప్ కవరు పెడితే, వెతికి పట్టినవాళ్లు సంతకం పెట్టే లాగ్ పుస్తకం తడవదు.

వాస్తవం: జీపీఎస్ సాయంతో ఇతరులు వెతికేలా దాచే డబ్బానే జియోక్యాష్, లేదా క్యాష్, అంటారు. దాన్ని కొత్తగా దాచేవాళ్లందరికీ దొరికే ఉచిత సలహా ఇదే. దీని ఫలం చూడాలంటే సియాటిల్ లాంటి చోట ఒక చలికాలం వానల్లో నానిన చవక డబ్బా తెరవండి. కాగితం ముద్దయి ఉంటుంది, సిరా కారిపోయి ఉంటుంది, బూజు వాసన సరేసరి. సంతకం పెడదామని పెన్ను ఆనిస్తే చిరుగుతుంది.

నీళ్లు వాన వల్లే వస్తాయనుకుంటే పొరపాటు. పగలు ఎండకు డబ్బాలోని గాలి వ్యాకోచించి మూత సందుల్లోంచి బయటికి పోతుంది. రాత్రి చల్లబడ్డాక లోపల పీడనం తగ్గి, బయటి గాలిని పీల్చుకుంటుంది. మూత అంచున మంచు బిందువులుంటే వాటినీ పీల్చేస్తుంది. వేడి అన్నం పెట్టి మూసిన స్టీలు క్యారియర్ చల్లారాక మూత ఊడి రాకపోవడానికీ కారణం ఇదే. 10 డిగ్రీల నుంచి 40కి వెళితే గాలి దాదాపు పదోవంతు పెరుగుతుంది. ఈ పీల్చుడు రోజూ జరిగేదే. కొందరు క్యాష్‌గా వాడే ఫిల్మ్ రీలు డబ్బీ మూతకు దీన్ని తట్టుకునే శక్తి లేదు. అది కెమెరా సంచీలో ఉండటానికి చేసిన వస్తువు, చెట్టు తొర్రలో కాపురానికి కాదు.

ఇక జిప్ కవరు. గాడిలో ఒక్క ఇసుక రేణువు చాలు, పెన్సిల్ మొన ఒక్కసారి గుచ్చుకున్నా చాలు. అప్పటి నుంచి అది కాగితాన్ని వదిలేసి నీళ్లను భద్రంగా కాపాడుతుంది. సిలికా జెల్ పొట్లం? కారే డబ్బాలో త్వరలోనే నిండిపోతుంది.

సైన్యం తూటాల పెట్టెను మించింది లేదంటారు. ఇష్టం లేకపోయినా ఒప్పుకోవాలి, నిజమే. రబ్బరు గ్యాస్కెట్, బిగుతైన గొళ్లెం ఉన్న ఆ ఉక్కు పెట్టె ఏళ్ల తరబడి పొడిగా ఉంటుంది. అయితే అడవిలోనే పెట్టండి, సైనిక గుర్తులు చెరిపి, పైన 'జియోక్యాష్' అని రాయండి. 2011లో ఇంగ్లండ్‌లోని వెదర్బీలో ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బానే బాంబు అనుకుని సైనిక నిపుణులు పేల్చేశారు. ఊరి నడుమ తూటాల పెట్టె కనిపిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

చాక్లెట్లు పెట్టొచ్చా? ఎలుగుబంట్లకు, ఎలుకలకు పిలుపు. పాతిపెట్టొచ్చా? కూడదు. 2000లో ఆరెగాన్‌లో పెట్టిన మొదటి జియోక్యాష్ బకెట్టు సగం భూమిలోనే ఉంది, అందులో బీన్స్ డబ్బా కూడా ఉంది. ఇప్పుడు తిండి పెట్టడం నిషిద్ధం, స్థల యజమాని స్పష్టమైన అనుమతి లేకుండా నేల తవ్వడమూ అంతే. గాజు సీసా అయితే ఆలోచనే వద్దు.

నాలుగు వైపులా క్లిప్పులు, మూత చుట్టూ రబ్బరు ఉన్న డబ్బా కొనండి. చిన్నది కావాలంటే కూల్‌డ్రింకు సీసాలు ఊదడానికి వాడే పెట్ ప్లాస్టిక్ గొట్టం మేలు. దాచే ముందు లోపల టిష్యూ కాగితం వేసి, మూసి, ఎండలో వేడెక్కనిచ్చి, చన్నీళ్ల బకెట్లో బరువు పెట్టి రాత్రంతా ముంచండి. తెల్లారి టిష్యూ తడిస్తే ఆ డబ్బా వంటింటికే. దాచిన తర్వాత ఏడాదికి రెండుసార్లయినా వెళ్లి రబ్బరు తుడిచి, పగిలితే మార్చండి. అంత ఓపిక లేకపోతే దాచకండి.