తెడ్డు పోయింది, ఇంజను వచ్చింది. ఒంటికి కదలిక ఏదీ?

నెల్లూరు తీరంలోని పట్టపుపాళేలలో ఒకప్పుడు వ్యాయామం అనే మాటతో ఎవరికీ అవసరం ఉండేది కాదు. తెల్లవారుజామున నలుగురు కలిసి తెప్ప దుంగలను ఇసుకలో నీళ్ళ దాకా మోసి, తాళ్ళతో బిగించి, అలలు దాటించి, తెడ్డు వేసుకుంటూ లోపలికి పోయేవారు. వేట ముగిశాక ఆ దుంగలను విప్పి మళ్ళీ ఒడ్డుకు మోసేవారు. అలివి వల వేసిన రోజున ఊరు ఊరంతా రెండు తాళ్ళూ పట్టుకుని, మడమలు ఇసుకలో దిగబడుతుండగా వెనక్కి నడుస్తూ లాగవలసిందే. ఆడవాళ్ళు చేపల గంపలు నెత్తిన పెట్టుకుని లోపలి ఊళ్ళకు నడిచి వెళ్ళి అమ్ముకుని వచ్చేవారు. బకింగ్‌హాం కాలువలో ఉప్పు, కట్టెలు మోసే పడవలను గెడలతో నెట్టేవారు, గాలి లేనప్పుడు గట్టున నడుస్తూ తాళ్ళతో లాగేవారు.

ఇప్పుడు ఆ దృశ్యాలు చాలావరకు పోయాయి. కాలువ రవాణా తుపాన్ల దెబ్బకు, రోడ్ల పోటీకి 1970ల నాటికే చాలావరకు కుంటుపడింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన తరువాత సహాయ కార్యక్రమాలలో భాగంగా ఫైబరు పడవలు, ఇంజన్లు తీరగ్రామాలకు పెద్ద ఎత్తున చేరాయి. తెడ్డు మూలన పడింది. చేపల గంప ఆటో ఎక్కింది. తీరం దాటి లోపలికి వస్తే కయ్యల్లో కోత మిషన్లు, ట్రాక్టర్లు. రొయ్యల గుంటల గట్ల మీద మోటారు సైకిళ్ళు.

ఇందులో విచారించవలసింది ఏమీ లేదు. నడుము విరిగే చాకిరీ తగ్గడం మంచిదే. తెప్ప మీద తెడ్డు వేసిన మనిషెవరూ మళ్ళీ ఆ రోజులు రావాలని కోరుకోడు. అయితే పని తగ్గినంతగా కంచంలో అన్నం తగ్గలేదు. అప్పటి కష్టానికి సరిపోయిన అన్నం కుప్ప ఇప్పటికీ అలాగే ఉంది. దాని పక్కన బేకరీ తిండి, కూల్‌డ్రింకు కొత్తగా చేరాయి. ఈ తేడా పొట్ట దగ్గర కనిపిస్తుంది. దానికన్నా ముఖ్యంగా రక్తనాళాలలో పేరుకుంటుంది. అది కంటికి కనిపించదు.

డ్రైవరు, కండక్టరు

ఒంటికి కదలిక ఉన్నవాడు ఎక్కువ కాలం బతుకుతాడా అన్న ప్రశ్నకు శాస్త్రీయంగా జవాబు వెతకడం మొదలైంది ఒక బస్సులోనే. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అక్కడి రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి 1953లో ఫలితాలు ప్రకటించారు. డ్రైవరు రోజంతా సీటులో కూర్చుంటాడు. కండక్టరు టిక్కెట్లు కొడుతూ వందలాది మెట్లు ఎక్కి దిగుతాడు. ఇద్దరిదీ ఒకే సంస్థ, ఇంచుమించు ఒకే తరహా జీతం, ఒకే తరహా ఇల్లు. కానీ కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా ఉంది, వచ్చినా ప్రాణం మీదికి తేవడం తక్కువ. పోస్టాఫీసులో కూర్చునే గుమాస్తాకు, ఉత్తరాలు పంచే పోస్టుమ్యాన్‌కు మధ్య కూడా అదే తేడా కనిపించింది.

దీనిపై అనుమానాలు రాకపోలేదు. మొదటి నుంచీ లావుగా ఉన్నవారే డ్రైవరు పనిలో చేరుతున్నారేమో! మోరిస్ ఈ సంగతినీ వదలలేదు. సిబ్బందికి సంస్థ కుట్టించే యూనిఫారాల లెక్కలు తెప్పించి ప్యాంట్ల నడుము కొలతలు చూశారు. డ్రైవర్ల నడుములు కండక్టర్ల కంటే పెద్దవేనని తేలింది. అంటే అనుమానంలో కొంత నిజం ఉంది. అందుచేత ఆయన అక్కడితో ఆగక ఇతర ఉద్యోగులపైనా ఏళ్ళ తరబడి పరిశోధన సాగించారు. వ్యాయామం మేలు చేస్తుందన్న మాట నిలిచింది. 1910లో పుట్టిన మోరిస్ 2009లో, నూరేళ్ళకు కొద్ది నెలలు తక్కువగా, కన్నుమూశారు. ఒక్క మనిషి ఉదాహరణ రుజువు కాదనుకోండి.

కృష్ణపట్నం రేవుకు దగ్గరగా ఉండే ఉదాహరణ మరొకటి ఉంది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో సరుకులు మోసే కార్మికులు ఆరు వేల మందికి పైగా ఉన్న బృందాన్ని పాఫెన్‌బార్గర్ అనే పరిశోధకుడు 22 సంవత్సరాల పాటు గమనించారు. 1975లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం బరువు పని చేసేవారిలో గుండెజబ్బు మరణాలు తేలిక పని చేసేవారిలో కంటే దాదాపు సగమే. 2008లో మొదలైన కృష్ణపట్నం రేవులో బస్తాలు మోసే కాలం లేదు. క్రేన్లు, కన్వేయరు బెల్టులు ఉన్నాయి. అక్కడ క్రేను నడిపే కుర్రవాడి పరిస్థితి లండన్ డ్రైవరు పరిస్థితే.

ఆయుర్దాయం లెక్క తేల్చిన పరిశోధన తైవాన్‌లో జరిగింది. 4 లక్షల 16 వేల మందిని సగటున ఎనిమిదేళ్ళ పాటు గమనించి 2011లో ప్రచురించారు. ఏ వ్యాయామమూ చేయనివారితో పోలిస్తే రోజుకు 15 నిమిషాలు చేసేవారిలో మరణాలు 14 శాతం తక్కువ, ఆయుర్దాయం సుమారు మూడేళ్ళు ఎక్కువ. పదిహేను నిమిషాలంటే టీ బంకు దగ్గర పేపరు చదివే సమయం కూడా కాదు.

రోగంతో ఉన్నవాడు ఎలాగూ నడవలేడు గనుక నడిచేవారు ఆరోగ్యంగా కనిపిస్తారు అన్న అభ్యంతరం ఇలాంటి పరిశోధనలన్నిటికీ ఉంది. నార్వేలో 70 ఏళ్ళు దాటిన 1,567 మందిని చీట్లు వేసినట్టు బృందాలుగా విడగొట్టి ఐదేళ్ళు చూస్తే, శిక్షణ ఇచ్చినవారికీ మామూలు సలహా ఇచ్చినవారికీ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 2020లో తేలింది. అయితే ఆ మామూలు బృందం వారు కూడా బాగానే వ్యాయామం చేస్తూ వచ్చారు. కాబట్టి నడిచినవాడికి మూడేళ్ళు ఖాయమని పత్రం రాసి ఇచ్చేవారెవరూ లేరు. రక్తపోటు తగ్గడం, కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకోవడం, గుండె బలపడడం మాత్రం కొలిచి చూసిన సంగతులే.

పొలం పని చాలదా?

"మేమేమన్నా పట్నం బాబులమా? పల్లెలో ఉండేవాళ్ళకు వ్యాయామమెందుకు?" అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. మరణాల లెక్కలు దీనికి జవాబు చెబుతున్నాయి. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో 2003-04లో ఏడాది కాలంలో జరిగిన 1,354 మరణాలకు కారణాలు ఇంటింటికీ వెళ్ళి ఆరా తీశారు. గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల పోయినవారే దాదాపు మూడింట ఒక వంతు. అంటురోగాల వాటా 12 శాతం మాత్రమే. పొరుగున ఉన్న తమిళనాడుతో సహా నాలుగు చోట్ల భారత వైద్య పరిశోధన మండలి జరిపిన సర్వే ఫలితాలు 2014లో వచ్చాయి. పల్లెవాసుల్లోనే సగం మంది చాలినంత కదలిక లేనివారని అందులో తేలింది.

చేసే పని లెక్కలోకి వస్తుందా, రాదా అన్న దగ్గర పరిశోధకులే రెండుగా చీలారు. భారతదేశం సహా 17 దేశాల్లో 1 లక్షా 30 వేల మందిపై జరిగిన పరిశోధన 2017లో వెలువడింది. పొలం పని, ఇంటి పని, నడిచి వెళ్ళడం ఏదైనా సరే, వారానికి 150 నిమిషాలు ఒళ్ళు కదిలితే మేలేనని అది చెప్పింది. అందరూ ఆ మాత్రం కదిలితే 12 మరణాల్లో ఒకటి తప్పేదని అంచనా వేసింది. మరుసటి ఏడాది వచ్చిన మరో సమీక్ష వేరే మాట చెప్పింది. రోజంతా బరువు పని చేసే మగవాళ్ళలో ముందుగా మరణించే ప్రమాదం 18 శాతం ఎక్కువన్నది దాని సారాంశం. విశ్రాంతి లేకుండా గంటల తరబడి వంగి, ఎత్తి, మోస్తే రక్తపోటు దిగే వీలుండదు. పేదరికం, బీడీ, సారా కూడా అక్కడే ఉంటాయి.

ఈ చీలిక తీరప్రాంతం వారికి కొత్తగా అనిపించదు. ఒంటి కష్టమే ఆయుష్షు ఇచ్చేదైతే ఉప్పు కొఠార్లలో ఎండకు మాడినవారంతా నూరేళ్ళు బతకవలసింది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్ళు. ఇప్పుడు 70 దాకా వచ్చిందంటే టీకాలు, మందులు, మంచినీళ్ళు, తిండి కారణం. అప్పుడు ప్రాణం తీసింది కలరా, మశూచి, కాన్పు, ఆకలి. ఇప్పుడు అవి పక్కకు తప్పుకున్నాక గుండెపోటు, పక్షవాతం, షుగరు ముందుకు వచ్చాయి. వ్యాయామం అడ్డుపడగలిగేది వీటికి.

కాబట్టి రోజంతా నాట్లు వేసే కూలీకి కావలసింది పరుగు కాదు, మధ్యాహ్నం కాస్త నీడ, రాత్రి కంటినిండా నిద్ర. వ్యాయామం కావలసింది చాకిరీ తప్పినవారికి. రొయ్యల గుంటల కామందు, దుకాణదారు, ఆటో డ్రైవరు, కుర్చీలో పనిచేసే ఉద్యోగి, పిల్లలు పట్నం వెళ్ళిపోగా టీవీ ముందు మిగిలిన పెద్దలు ఆ జాబితాలో ఉన్నారు.

"పనీపాటా లేదా?"

ఊళ్ళో నడవడానికి అడ్డం వచ్చేది కాళ్ళ నొప్పి కంటే నలుగురి నోరు. మగవాడు ఊరికే నడిస్తే పనీపాటా లేదా అంటారు. ఆడమనిషి నడిస్తే ఎక్కడికని అడుగుతారు. వీధి దీపం లేని దారి, కుక్కలు, రోడ్డు మీద లారీలు దీనికి తోడు. మైపాడు వంటి చోట్ల సముద్రపు ఒడ్డు ఉంది కాబట్టి కొంత నయం. మిగతా ఊళ్ళలో హైస్కూలు ఆవరణ ఉదయం, సాయంత్రం గంటసేపు తెరిచి ఉంచి రెండు దీపాలు వేయించడం పంచాయతీలకు మించిన పని కాదు. నలుగురైదుగురు ఆడవాళ్ళు కలిసి బయలుదేరితే అడిగే నోళ్ళు వాటంతట అవే మూతపడతాయి.

పదివేల అడుగులు వేయాలన్న మాట సెల్‌ఫోన్ల పుణ్యమా అని పల్లెలకూ వచ్చింది. అది 1960లలో జపానులో అడుగులు లెక్కించే పరికరాన్ని అమ్ముకోవడానికి పెట్టిన పేరులోంచి పుట్టిన అంకె. 2022లో 15 పరిశోధనలను కలిపి చూస్తే, 60 దాటినవారికి 6 నుంచి 8 వేల అడుగుల వద్దనే మేలు దాదాపు పూర్తిగా దక్కుతోంది. నడిచేటప్పుడు మాట్లాడగలగాలి, పాట పాడలేనంత ఆయాసం ఉండాలి. అదే సరైన వేగం.

ఇసుకలో ఉత్త కాళ్ళతో నడవడం హాయిగా ఉంటుంది గానీ, షుగరు ఉండి పాదాలు మొద్దుబారినవారు ఆ పని చేయరాదు. గవ్వ కోసుకున్నా తెలియదు, ఆ పుండు వేలు తీసేదాకా పోవచ్చు. నెల్లూరు ఎండలకు సూర్యుడు ఎక్కకముందే ముగించాలి. నడకలో గుండె పట్టేసినట్టున్నా, ఎడమ చెయ్యి లాగినా వెంటనే ఆగి 108కి ఫోను చేయాలి. నలభై దాటినవారు మొదలుపెట్టే ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపోటు, చక్కెర చూపించుకుంటే సరిపోతుంది.

వేట నిషేధం రోజులు

మత్స్యకారుల విషయంలో ప్రత్యేకంగా చెప్పవలసింది ఒకటి ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవల వేట నిషేధం. వలలు బాగు చేసుకోవడం తప్ప ఒంటికి పని ఉండదు. ఆ తరువాత ఒక్క రోజులో పడవ నీళ్ళలోకి నెట్టడం, నిండు వల పైకి లాగడం మొదలవుతుంది. అలవాటు తప్పిన ఒంటి మీద హఠాత్తుగా పడిన శ్రమ గుండెపోటుకు దారితీయగలదని వైద్యులు గుర్తించినదే. రోజూ ఎంతో కొంత శ్రమ చేసేవారికి ఆ ముప్పు చాలా తక్కువ. నిషేధం రోజుల్లో తెల్లవారుజామున అరగంట ఒడ్డు వెంట నడిచి, చివరి రెండు వారాల్లో కాస్త బరువులెత్తడం కూడా చేర్చుకుంటే, జూన్ 15న వల తాడు పట్టే చేతులకు అది కొత్త పని కాబోదు.